మహాపాతకం: ఈ మాటను ఎక్కడ, ఎలా వాడాలి

ఊరి చెరువు పూడ్చి ప్లాట్లు వేసినవాడిదీ మహాపాతకమే, పెళ్లి భోజనంలో పప్పు మాడ్చిన వంటమనిషిదీ మహాపాతకమే అంటూ పోతే ఆ మాట ఇక ఎవరికీ తగలదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ‘పాపం’, ‘పాతకం’ ఇంకా బతికున్న మాటలు. రచ్చబండ దగ్గర, రొయ్యల గుంటల గట్ల మీద, పొగాకు వేలం కేంద్రాల బయట, చర్చి ప్రసంగాల్లో రోజూ వినపడతాయి. అందుకే వాటి బరువు కాపాడుకోవాలి. గ్రామసభలో మాట్లాడేవారు, ఊరి వార్తలు రాసే విలేకరులు, ఫోన్‌లో పోస్టు పెట్టేవారు, పిల్లలకు తెలుగు చెప్పే మాస్టర్లు ఈ మాటను ఎట్టా ఎంచుకోవాలో, వాక్యంలో ఎక్కడ పెట్టాలో, ఎక్కడ అది ఎదురు తిరుగుతుందో వరసగా చూద్దాం.

1. ముందు అసలు అర్థం పట్టుకోండి

పాతకం ‘పత్’ అనే ధాతువు నుంచి వచ్చింది. పత్ అంటే పడటం. పతనం, పతితుడు అన్నవీ అక్కడి నుంచి వచ్చినవే. మనిషిని తానున్న చోటు నుంచి కిందికి పడదోసేది పాతకం. చేసినవాడు నలుగురిలో తన చోటు పోగొట్టుకుంటాడన్న భావం ఈ మాటలోనే ఉంది. పాపం దీనికంటే విశాలమైనది. ప్రతి పాతకమూ పాపమే కానీ, ప్రతి పాపమూ పాతకం కాదు.

ధర్మశాస్త్రాలు ఐదింటిని మహాపాతకాలన్నాయి. మనుస్మృతి 11వ అధ్యాయంలో ఆ వరస ఇది: బ్రహ్మహత్య, సురాపానం, బంగారం దొంగతనం, గురువు భార్యతో సంబంధం, ఈ నాలుగింటిలో ఏదైనా చేసినవాడితో సంసర్గం, అంటే కలిసి మెలిసి తిరగడం. ఛాందోగ్యోపనిషత్తులో కూడా నలుగురు పతితులనీ, వాళ్లతో కలిసి తిరిగినవాడు ఐదోవాడనీ ఉంది. ‘బ్రహ్మహత్య’ అంటే బ్రహ్మదేవుణ్ణి చంపడం కాదు, బ్రాహ్మణుణ్ణి చంపడం. బంగారం కూడా బ్రాహ్మణుడి బంగారమేనని వ్యాఖ్యాతలు చెబుతారు.

ఈ ఐదింటిలో మనకు ఎక్కువ పనికొచ్చేది ఐదోది. పతితుడితో ఏడాది పాటు కలిసి మెలిసి తిరిగినవాడు తానూ పతితుడవుతాడని స్మృతి అంటుంది. తెలిసి పక్కన నిలబడటం కూడా పడిపోవడమే అన్నమాట. దీన్ని కింద నాలుగో అంశంలో వాడుకుంటాం.

మహాపాతకాల కింద ఉపపాతకాలున్నాయి. ఆ జాబితా పెద్దది, మన నేలకు చాలా దగ్గరగా ఉంటుంది. తల్లిదండ్రులను, గురువును వదిలేయడం, చెరువునూ తోటనూ అమ్ముకోవడం, కన్నబిడ్డను అమ్ముకోవడం, వంటచెరకు కోసం పచ్చిచెట్టు నరకడం అన్నీ అందులో ఉన్నాయి. గనుల మీద పెత్తనం కూడా ఉంది. చీమకుర్తి క్వారీల గురించి రాసేవారికి ఇది తెలిసుండాలి.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. స్త్రీని, శూద్రుణ్ణి, వైశ్యుణ్ణి, క్షత్రియుణ్ణి చంపడాన్ని ఇదే జాబితా ఉపపాతకాల్లో వేసింది. మనిషి ప్రాణానికి కులాన్ని బట్టి, ఆడా మగా తేడాను బట్టి వెల కట్టిన లెక్క అది. కాబట్టి మాటలో ఉన్న బరువు తీసుకోండి, జాబితాను కొలబద్ద చేసుకోవద్దు. ‘శాస్త్రం ప్రకారం ఇది చిన్న పాపమే’ అని ఎవరన్నా వాదించినా ఒప్పుకోవద్దు.

2. చేతిలో ఉన్న మాటలను మెట్లుగా పేర్చుకోండి

తప్పు అంటే దిద్దుకోదగ్గది. దోషం అంటే లోపం, దానికి ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు: ఉచ్చారణ దోషం, దృష్టిదోషం, జాతకంలో కుజదోషం. అపచారం అంటే దేవుడి పట్ల, పెద్దల పట్ల మర్యాద తప్పడం. నెల్లూరు రంగనాయకుల గుడిలోకి ఎవరో చెప్పులతో వెళితే అది అపచారం. దాన్ని పాతకం అంటే వినేవాళ్లు నవ్వుతారు. నేరం చట్టానికి సంబంధించింది. ద్రోహం నమ్మకానికి సంబంధించింది, అందుకే మిత్రద్రోహం, గురుద్రోహం అంటాం. ఘాతుకంలో రక్తం ఉండాలి. వీటన్నిటి మీద పాపం, ఆ పైన పాతకం, చిట్టచివర మహాపాతకం.

పాతకం అని రాసిన చోట ఒక మెట్టు దిగి ‘తప్పు’ అనో ‘ద్రోహం’ అనో పెట్టి చదవండి. వాక్యంలో ఏమీ తగ్గలేదనిపిస్తే కింది మాటే సరైంది. పార్టీ మారిన నాయకుడి మీద కోపం ఎంత ఉన్నా ‘ద్రోహం’ దగ్గరే ఆగాలి. అక్కడ ‘మహాపాతకం’ అని అరిస్తే, రేపు పసిబిడ్డల పాలపొడిలో కల్తీ జరిగిన రోజున వాడటానికి మీ దగ్గర మాట మిగలదు.

3. పోలిక నిలుస్తుందా అని మూడు ప్రశ్నలు వేసుకోండి

పాతకాన్ని పోలికగా వాడటం మన కాలంలో మొదలైంది కాదు. ఆ స్మృతిలోనే మహాపాతకాల వెంటనే ‘వీటితో సమం’ అంటూ మరికొన్ని వస్తాయి. దొంగ సాక్ష్యం చెప్పడం, స్నేహితుణ్ణి చంపడం సురాపానంతో సమమట. నమ్మి దాచమని ఇచ్చిన సొత్తును కాజేయడం, భూమిని కాజేయడం బంగారం దొంగతనంతో సమమట. రెండు పనుల పైరూపం ఒకటి కాకపోయినా లోపలి ఎముక ఒకటే అయినప్పుడు ‘సమం’ అన్నారు. మనం చేయాల్సిందీ అదే.

ఆ ఎముక ఉందో లేదో తేల్చడానికి మూడు ప్రశ్నలు. నమ్మినవాడికి, లేదా ఎదురు చెప్పలేనివాడికి జరిగిందా? జరిగిన నష్టం తిరిగి పూడ్చలేనిదా, పూడ్చినా మచ్చ మిగిలేదా? తెలిసి చేశాడా? మూడోదానికి ‘అవును’ రాకపోతే మాట మార్చేయండి. తెలియక చేసినదాన్ని పాతకం అనడం మీరు చేసే అన్యాయం. మొదటి రెండింటిలో ఒక్కటైనా గట్టిగా నిలవాలి. క్యాథలిక్ సంప్రదాయం కూడా ఆత్మను చంపే పాపానికి మూడు షరతులు పెట్టింది: విషయం తీవ్రమైనదై ఉండాలి, పూర్తిగా తెలిసి ఉండాలి, మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేసి ఉండాలి. ఎంత దూరాన పుట్టిన సంప్రదాయమైనా తెలిసి చేయడం దగ్గరికే వచ్చి ఆగింది.

రెండు ఉదాహరణలు చూడండి. మిరప విత్తనాలు నకిలీవని తెలిసే డీలరు అమ్మాడు. పూత రాలేదు, రైతుకు ఏడాది పోయింది. అది పాతకమే. కంపెనీ పంపిన ప్యాకెట్టును ఆ డీలరు తెలియక అమ్మితే అతనిది ఏమరపాటు. పాతకం ఎవరిదో పైకి వెతకాలి. అలాగే చీటీల సొమ్ముతో రాత్రికి రాత్రి ఊరు వదిలిపోయినవాడి పని నమ్మి దాచిన సొత్తును కాజేయడమే. వ్యాపారం దెబ్బతిని, ఊళ్లోనే ఉండి, నెలనెలా కొంత కడుతున్నవాడిని ఆ గాటన కట్టకూడదు.

4. వాక్యం కట్టేటప్పుడు: ముందు సంగతి, తర్వాత మాట

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. తీర్పు ముందు చెప్పేసి, సంగతి చెప్పడం మర్చిపోతారు. ‘ధాన్యం కొనుగోళ్లలో మహాపాతకం జరుగుతోంది’ అన్న వాక్యం చదివి ఎవరూ కదలరు. అదే విషయం ఇట్టా రాయండి:

‘మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు. ఈ కాటా మీద 870 తూస్తున్నారు. పది పుట్లు పండించిన కౌలురైతు 200 కిలోలు ఊరికే వదిలేసి ఇంటికి పోతున్నాడు. తేమ 17 శాతం లోపే ఉన్నా మళ్లీ తరుగు అంటున్నారు. అప్పు తెచ్చి, కౌలు కట్టి పండించినవాడి నోటికాడ కూడు లాక్కోవడం పాతకం.’

ఇందులో నేరాన్ని రుజువు చేసింది అంకెలు. ‘పాతకం’ ఒక్కసారే, చివర, విశేషణం లేకుండా వచ్చింది. దాన్ని మొదటి వాక్యంలోకి తెచ్చి చదివి చూడండి, పట్టు పోతుంది. రెండుసార్లు వాడినా పోతుంది. ‘అతి ఘోరమైన, క్షమించరాని మహాపాతకం’ అన్నా పోతుంది, ఎందుకంటే ఘోరమూ క్షమించరానిదీ ఆ మాటలోనే ఉన్నాయి. ‘మహా’ను కూడా దాచుకోండి. ప్రాణం పోయిన చోట, లేదా ఒక తరం నష్టపోయిన చోట మాత్రమే ‘మహాపాతకం’ అనండి. తూకంలో మోసానికి ‘పాతకం’ చాలు.

పనిని అనండి, మనిషిని అనకండి. ‘ఇది పాతకం’ అన్నప్పుడు చర్చ ఆ పని మీద జరుగుతుంది. ‘ఫలానా ఆయన మహాపాతకుడు’ అని పేరు పెట్టి పోస్టు చేస్తే చర్చ మీ మీదికి మళ్లుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువు నష్టానికి 356వ సెక్షన్ ఉంది. విలేకరులు మరీ జాగ్రత్తగా ఉండాలి. కోర్టు తేల్చేదాకా మనిషి ‘నిందితుడు’, తేల్చాక ‘దోషి’. వార్తలో పాపి, పాతకుడు అన్న మాటలకు చోటు లేదు. బాధితులు అన్న మాటగా మాత్రమే రావచ్చు.

కలెక్టరేట్‌లో సోమవారం ఇచ్చే అర్జీలో కూడా ఈ మాట వద్దు. అక్కడ సర్వే నంబరు, విస్తీర్ణం, తేదీ, ఏ నిబంధన మీరారో రాయాలి. ‘చెరువు పూడ్చడం మహాపాతకం’ అని రాసిన అర్జీని భక్తి విషయంగా పక్కన పెట్టే ప్రమాదం ఉంది. అదే చెరువు గురించి గ్రామసభలో మాట్లాడేటప్పుడు ‘చెరువు అమ్ముకోవడాన్ని పాతకాల్లో చేర్చారు మన పెద్దలు’ అంటే ముసలివాళ్లు తలెత్తి వింటారు. ఒకే సంగతికి రెండు చోట్ల రెండు భాషలు కావాలి.

ఇప్పుడు ఐదో మహాపాతకం, సంసర్గం. మన ఊళ్లలో జరిగే పెద్ద అన్యాయాల్లో చేసినవాడు ఒకడైతే చూసి ఊరుకున్నవాళ్లు పదిమంది. వాళ్లను ఉద్దేశించి అనడానికి ఇంతకంటే బలమైన మాట తెలుగులో లేదు: ‘బడి పిల్లల బియ్యం అమ్ముకున్నవాడిది ఒక్కడిదే కాదు పాతకం. బస్తాలు తక్కువున్నాయని తెలిసి పుస్తకంలో సంతకం పెట్టినవాడిదీ అదే.’ ఏం తెలిసి, ఏ పని చేసి, లేదా ఏ పని మానుకుని వాళ్లు అందులో కలిశారో విడమరిచి చెప్పాలి. ‘ఊరందరిదీ పాపమే’ అంటే ఎవరూ తనదనుకోరు.

ఆ తర్వాత బయటికి దారి కూడా చూపించండి. బ్రహ్మహత్యకు పన్నెండేళ్లు అడవిలో గుడిసె వేసుకుని ఉండమన్న స్మృతి, శిక్ష ఎంత కఠినమైనదైనా ప్రాయశ్చిత్తం ఉందని ఒప్పుకుంది. ‘పాతకం’ అన్న వాక్యం వెంటనే ఇంకో వాక్యం రాయండి: ‘లాక్కున్న 200 కిలోల విలువ ఈ నెలాఖరుకి రైతు చేతిలో పెట్టాలి. కాటా అందరి ముందూ సరిచూపించాలి.’ ఇది లేకపోతే ఎదుటివాడికి మొండికేయడం తప్ప దారి ఉండదు. ప్రాయశ్చిత్తం అడిగేటప్పుడు కొలిచి అడగాలి. ఒక్క క్షమాపణ చెబితే చాలని వదిలేస్తే మీరు వాడిన మాటను మీరే తేలిక చేసినట్టు.

5. పక్కన ఏ క్రియ పెట్టాలి

ఈ మాటలతో తెలుగులో కుదిరే క్రియలు కొన్నే. పాపం ‘చేస్తారు’, ‘మూటగట్టుకుంటారు’, ‘కడుక్కుంటారు’, అది ‘పండుతుంది’, ‘తగులుతుంది’. పాతకానికి ‘ఒడిగడతారు’, అది ‘చుట్టుకుంటుంది’. దోషం ‘పడుతుంది’ లేదా ‘ఉంటుంది’, దానికి ‘పరిహారం’ చేస్తారు. నేరం ‘మోపుతారు’, ‘రుజువవుతుంది’. ఉసురు ‘తగులుతుంది’, ‘పోసుకుంటారు’. ‘పాపం మోపారు’, ‘నేరం పండింది’ అని కలిపేస్తే చెవికి అడ్డంగా తగులుతాయి.

చుట్టుకోవడం అన్న మాటకు కథల్లో ఆధారం ఉంది. బ్రహ్మ ఐదో తల నరికిన శివుడి చేతికి ఆ కపాలం అంటుకుపోయిందనీ, బ్రహ్మహత్య వెంటపడిందనీ, కాశీలో గానీ వదల్లేదనీ పురాణాలు చెబుతాయి. పాతకం రూపం ఉన్నదై మనిషిని తరుముతుంది. కాబట్టి ‘చుట్టుకుంది’, ‘వదల్లేదు’, ‘వెంటాడింది’ దానికి సహజంగా అతుకుతాయి.

భాగవతంలో ఇంద్రుడి కథ ఇంకా దగ్గరిది. దేవతల పురోహితుడైన విశ్వరూపుణ్ణి చంపిన బ్రహ్మహత్యను ఇంద్రుడు నాలుగు భాగాలు చేసి నేలకు, నీళ్లకు, చెట్లకు, స్త్రీలకు పంచాడట. నేలకు వచ్చిన భాగం చౌడు, నీళ్లకు వచ్చింది నురగ, చెట్లకు వచ్చింది జిగురు. తీరం వెంబడి ఎండకు తెల్లగా పూసిన ఉప్పు నేల చూసినవారికి ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు. పాపం పంచడం, ఒకడు చేస్తే మరొకడి నేల చౌడుబారడం అన్న భావాన్ని రొయ్యల గుంటల ఉప్పునీరు పక్క వరి మడిలోకి ఊరిన చోట నిక్కచ్చిగా వాడొచ్చు. నాలుగో భాగం నెలసరి అంటారు. దాన్ని మాత్రం ఎత్తొద్దు. ఆడపిల్లల శరీర ధర్మాన్ని పాపంతో ముడిపెట్టే మాట ఏ సభలోనూ అనకూడదు.

‘పాపం పండింది’ అనాలంటే రెండు ఉండాలి: చాలాకాలం సాగిన అన్యాయం, దానికే పడిన శిక్ష. ఏళ్ల తరబడి లంచాలు తిన్నవాడు ఏసీబీకి చిక్కితే పాపం పండినట్టు. అదే మనిషి రోడ్డు ప్రమాదంలో కాలు విరగ్గొట్టుకుంటే పండినట్టు కాదు. ‘పాపాల భైరవుడు’ అనేది కూడా చూసి వాడండి. కాశీలో కాలభైరవుడికి పాపభక్షకుడని పేరు, భక్తుల పాపాలు తినేవాడని అర్థం. తెలుగులో ఆ మాట ఇంటిల్లిపాదీ తప్పులు నెత్తిన వేసుకునేవాడికి, అంటే నిందలు మోసే అమాయకుడికి వాడతాం. దుర్మార్గుడనే అర్థంలో రాస్తే భావం తలకిందులవుతుంది.

6. నేరం లేని ‘పాపం’ను వేరు చేయండి

రోజూ వాడుకలో వినపడే ‘పాపం’లో ఎక్కువ భాగం జాలి. ‘వాడు పాపం పొద్దున్నించి ఏం తినలేదు.’ ఈ పాపానికి విభక్తి అంటదు. వాక్యం మొదట్లోనో మనిషి మాట తర్వాతో ఒంటరిగా నిలుస్తుంది. ‘పాపానికి’, ‘పాపాన్ని’, ‘పాపంతో’ అని ప్రత్యయం చేరిందంటే జాలి పోయి, దోషం అర్థమో జాతీయమో అయినట్టే. రాతలో చిక్కు ఇక్కడే వస్తుంది. ‘పాపం చేశాడు’ అంటే దుష్కార్యం. ‘పాపం, చేశాడు’ అంటే అడిగిన పని చేసిపెట్టాడని మెచ్చుకోలు. మాట్లాడేటప్పుడు గొంతు విరుపు తేడా చెబుతుంది, రాసేటప్పుడు కామా తప్ప దిక్కు లేదు. జాలి పాపం తర్వాత కామా పెట్టండి, లేదా దాన్ని క్రియకు దూరంగా జరపండి. ‘పాపమని పాత చీర ఇస్తే గోడ చాటుకెళ్లి మూర వేసిందట’ అన్న సామెతలో ఉన్నదీ జాలే.

మూడు జాతీయాల్లో పాపం నిజమైన పాపం కాదు. ‘మా ఊరేం పాపం చేసింది?’ అనేది హక్కు అడిగే ప్రశ్న. ‘కాలువ చివరి ఊళ్లు ఏం పాపం చేశాయి, మా వంతు నీళ్లు మాకెందుకు రావు?’ అని మెట్ట ఊళ్లవాళ్లు అడిగినప్పుడు దోషం తమది కాదనీ, ఎవరిదో చెప్పమనీ నిలదీస్తున్నారు. ఈ ప్రశ్న ముందు పక్క ఊరికి ఏం అందిందో చెబితేనే బలం. ‘నమ్మిన పాపానికి’, ‘నిజం చెప్పిన పాపానికి’ అన్నప్పుడు చేసింది మంచి పని, దక్కింది చెడు. దీన్ని మంచి పనితోనే వాడాలి. ‘దొంగతనం చేసిన పాపానికి జైలుకెళ్లాడు’ అంటే జాతీయం కాదు, ఉన్నదున్నట్టు చెప్పడం.

ఇంక ‘పాపాన పోలేదు’. చేయాల్సిన పని ఒక్కసారైనా చేయలేదని చెప్పడానికి దీనికి సాటిలేదు. ‘బోరు చెడి మూడు నెలలైంది, అధికారి ఒక్కరూ వచ్చి చూసిన పాపాన పోలేదు.’ చూసిన, అడిగిన, పలకరించిన వంటి భూతకాల రూపం మీద మాత్రమే ఇది నిలుస్తుంది, వ్యతిరేకంలోనే వస్తుంది. ఎదుటివాడి బాధ్యత అయిన పనికే వాడాలి. బాధ్యత లేనివాడిని ‘సాయం చేసిన పాపాన పోలేదు’ అంటే నిష్ఠూరంగా మాత్రమే వినపడుతుంది.

7. వింటున్నది ఎవరో చూసుకోండి

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇన్ని తరాలుగా ఈ జిల్లాల్లో ‘పాపం’కి ఒక క్రైస్తవ అర్థం పాతుకుని ఉంది. అక్కడ పాపం అంటే విడివిడి పనులే కాదు, దేవుడి ముందు మనుషులందరి స్థితి. ప్రసంగంలో ‘పాపులారా’ అంటే అది రమ్మని పిలవడం. అదే పిలుపు పంచాయతీ సభలో తిట్టు. తెలుగు బైబిల్లో యోహాను మొదటి పత్రిక ‘మరణకరమైన పాపము’ అంటుంది. క్రైస్తవ శ్రోతలకు మహాపాతకం కన్నా ఆ మాటే సూటిగా అందుతుంది. పంచమహాపాతకాల లెక్క అక్కడ చెప్పి ప్రయోజనం లేదు.

ముస్లిం శ్రోతల ముందు మరో జాగ్రత్త. వాళ్ల సంప్రదాయం వినాశకరమని చెప్పిన ఏడు పాపాల్లో వడ్డీ తినడం, అనాథల సొమ్ము తినడం ఉన్నాయి. కాబట్టి ‘అధిక వడ్డీ పాపం’ అన్న వాక్యం మీకు పోలిక కావచ్చు, వాళ్లకు అది నేరుగా మతవిధి. ‘అధిక’ అన్న మాట దగ్గరే తేడా వచ్చేస్తుంది. అక్కడ పోలిక వదిలి, నూటికి ఎంత తీసుకుంటున్నారో, ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చెప్పండి. దేవుడికి సాటి కల్పించడం అనే అర్థమున్న ‘షిర్క్’ అన్న మాటను ఏ పోలికకూ వాడకండి.

8. ఎక్కడ అసలు వాడకూడదు

జబ్బుకు, వైకల్యానికి, పిల్లలు లేకపోవడానికి, భర్త పోవడానికి పాపాన్ని కారణంగా చెప్పకండి. కనిగిరి వైపు వంకరపోయిన కాళ్లతో కూర్చున్నవారిని చూసి ‘ఏ జన్మలో చేసిన పాపమో’ అనడం చాలాకాలంగా వింటున్నాం. అది ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు గారపడతాయి, మోతాదు ఇంకా పెరిగితే ఎముకలు గట్టిపడి వంగిపోతాయి. అక్కడ పాపం అన్న మాట వాడాలనే ఉంటే, ఆ నీళ్లు తాగొద్దని తెలిసీ మంచినీళ్లు తేనివారి వైపు తిప్పండి. మంచం మీదున్నవాడి వైపు కాదు.

‘పాపిష్టిదానా’, ‘ఏ పాపం చేసి పుట్టిందో’ అన్న తిట్లు దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడతాయి. కథలో పాత్ర నోట తప్పదనుకుంటే రాయండి, మీ గొంతుతో మాత్రం రాయొద్దు. ఆత్మహత్య చేసుకున్నవారి ఇంటికెళ్లి ‘ఆత్మహత్య మహాపాతకం’ అనడం కూడా అంతే. పోయినవారికి అది వినపడదు, ఉన్నవాళ్లను కోస్తుంది.

9. పంపే ముందు అక్షరాలు సరిచూడండి

ఫోన్‌లో టైపు చేసినా, మాట్లాడి రాయించుకున్నా ఈ మాట తేలిగ్గా మారిపోతుంది. పతకం అంటే మెడల్, పథకం అంటే ప్రభుత్వం ఇచ్చేది, పాతకం అంటే మన మాట. పాఠకులు చదివేవాళ్లు, పాతకులు పాపులు. ‘ఠ’ రాయాల్సిన చోట ‘త’ పడితే మీ పత్రిక చదివేవారందరినీ తిట్టినట్టవుతుంది. విడిగా ‘బ్రహ్మహత్య’, సమాసంలో ‘బ్రహ్మహత్యా పాతకం’ అని దీర్ఘం రావాలి. మహా, అపరాధం కలిస్తే ‘మహాపరాధం’, మహా, అపచారం కలిస్తే ‘మహాపచారం’. పసిపాప అయితే ‘పాపకి’, దుష్కార్యం అయితే ‘పాపానికి’. బహువచనంలో ‘పాపలు’, ‘పాపాలు’. ఆఖరున ఒకసారి పైకి చదవండి. ‘పాపం’ దగ్గర గొంతు ఆగితే అక్కడ కామా ఉందో లేదో చూసుకుని పంపండి.